పి ఫర్ పొన్నూరు

ఫోన్లో ఆ ఎడిటరమ్మ నవ్వలేదు, అందుకే ఎక్కువ సిగ్గేసింది.
"మీ కథ మూడు నెలలు చెత్తబుట్టలో ఉండిపోయిందండీ.
అడ్రసు చూసి ఏదో చీరల ప్రకటన అనుకున్నాం."

స్వీటీకృప వన్ ఫోర్ త్రీ.
డీఎస్సీకి అప్లికేషన్ పెట్టిన రోజు
అరండల్‌పేట నెట్ సెంటర్ కుర్రాడు తయారుచేసి
పాస్‌వర్డుతో సహా చీటీ మీద రాసిచ్చాడు. పది రూపాయలు.
ఆ అంకెకి అర్థం మొన్న మా పాప చెబితే తెలిసింది.
ఉద్యోగం రాలేదు. అడ్రసు మిగిలింది.
గ్యాస్ బండ, కరెంటు బిల్లు, పాప మార్కులు,
ఇన్నేళ్ళూ అన్నీ ఆ స్వీటీకే వస్తున్నాయి.

నేను పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలు రాస్తాను.
పొద్దున ఎనిమిదింటికి కిటికీ తీస్తే
మధ్యాహ్నానికి నాలుగు వందల పేర్లు.
పేరు? వయసు? ఏ ఊరు? ఏమిటి బాధ?
ఒకే పూట ఐదుగురు కోటేశ్వరమ్మలొస్తారు.
వట్టిచెరుకూరు కోటేశ్వరమ్మ, మోకాళ్ళు.
పెదనందిపాడు కోటేశ్వరమ్మ, చూపు.
ఊరు కలిపితే చాలు, ఎవరి మందులు వాళ్ళకి చేరతాయి.
కొందరు పేరు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతారు,
చాలాకాలంగా ఎవరూ అడగనట్టు.
ఆ ఆగడం మీదే నా కథ.

ఈ రాత్రి కిటికీకి అవతలి పక్క నేను.
ఫోను అడుగుతోంది: పేరు? ఇంటిపేరు?

"రైటర్ కృప అని పెట్టమ్మా, గెత్తుగా ఉంటుంది" అంది పాప.
మా ఊళ్ళో ఒక ఆరెంపీ ఉండేవాడు,
సూది పట్టుకోవడం రాకముందే బోర్డు రాయించాడు.
వద్దన్నాను.
మందుల కౌంటరు వీరాంజనేయులు సలహా, గుంటూరు ఘాటు.
నా కథలో ఒక్క మిరపకాయా లేదు. సెలైన్ స్టాండు ఉంది.

ఉత్త కృపావరం చాలనుకున్నాను.
కృ కింద వట్రసుడి ఇంగ్లీషులో ఎక్కడా పట్టదు.
ఐ పెడితే క్రిపావరం, ఎవరో ఉత్తరాదామె.
యు పెడితే క్రుపావరం,
పదో తరగతి సర్టిఫికెట్లో గుమాస్తా పుట్టించిన నేను.
ఆమెనే కొట్టాను.
"ఈ పేరు ఇప్పటికే ఎవరో తీసుకున్నారు."
ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు? ఏమిటి బాధ?

వెనక అంకె తగిలించుకోమంది ఫోను.
వార్డులో మంచం నంబరులా ఉంది.

ఇక మిగిలింది ఇంటిపేరు.
ఆధార్లో ఉన్నది అత్తింటిది, ఇరవై రెండేళ్ళు నిండాక వచ్చింది.
పుట్టింటిది పిల్లి.
అవును, పిల్లి. బళ్ళో హాజరు పిలిచిన ప్రతి పొద్దునా
వెనక బెంచీలోంచి మ్యావ్.
పెద్దయ్యాక మ్యావ్ ఆగింది.
"ఓహో, పిల్లివారా, ఊళ్ళో మీరు ఎటువైపు?" మొదలైంది.
మ్యావే నయం.
అప్పట్నించీ పి అనే ఒక్క పొల్లక్షరంలో దాన్ని కుక్కేశాను,
గోనెసంచిలో మూతి కట్టి కాలవ అవతల వదిలేసినట్టు.
కానీ అలా వదిలేసిన పిల్లి ఏం చేస్తుందో
పల్లెలో పెరిగిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

పదకొండున్నరకి, పాప నిద్రపోయాక,
తలుపు తీశాను.
పిల్లి, చుక్క, కృపావరం.
ఎవరూ తీసుకోలేదట.
ఎవరు తీసుకుంటారు?

పొద్దున కిటికీ తీస్తూనే ఎడిటరమ్మకి ఫోన్ చేశాను.
రాసుకోండి మేడం.
పి ఫర్ పొన్నూరు. ఐ ఫర్ ఇంకొల్లు.
ఎల్‌లు రెండు, ఒకటి లాం, ఒకటి లింగంగుంట్ల.
మళ్ళీ ఐ, ఈపూరు.
చుక్క. కాదండీ, గీత కాదు, చుక్క.
కె ఫర్ కాకినాడ, ఆర్ ఫర్ రేపల్లె, యు ఫర్ ఉయ్యూరు,
పి చెప్పాగా, పొన్నూరే,
ఏ ఫర్ అమరావతి, వి ఫర్ వినుకొండ…

క్యూలో మొదట నిలబడ్డ ముసలాయన
చువ్వలు పట్టుకుని అంతా విని
"మాది కారెంపూడమ్మా" అన్నాడు,
"అదీ రాయి."